గొట్టంలో గొంతు

ఆ ఇనుప గొట్టాన్ని నవంబరు ఏడున తెరుస్తారని తెలిసిన రోజు నుంచి నాకు రొట్టెముక్క గొంతు దిగలేదు.

అరవై ఏడులో దాన్ని మా పట్టుమిల్లు క్లబ్బు గోడలో పెట్టి సిమెంటు చేస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. రష్యా విప్లవానికి యాభై ఏళ్లు నిండాయని ఆ ఏడు సోవియట్ దేశమంతా ఇలాంటివే దాచిపెట్టారు. లోపల రాబోయే తరాలకు ఒక ఉత్తరం, గజం పట్టుగుడ్డ, ఒక టేపు రీలు. ఇంకో యాభై ఏళ్లకు తెరవాలని పైన రాతిపలక మీద చెక్కించారు. అప్పుడు నాకు ఇరవై రెండు. అప్పటిదాకా ఎవడు బతికుంటాడులే అనుకున్నాను. బతికే ఉన్నాను, నా ఖర్మ.

రీల్లో ఉండాల్సింది అనార్కాన్ పాట. అనార్కాన్ మిల్లులో దారం తీసే పిల్ల, నా స్నేహితురాలు. నాది మిల్లు రేడియో గదిలో ఉద్యోగం. సాయంత్రం షిఫ్టు వదిలాక దాన్ని మైకు ముందు నిలబెడితే ఊళ్లో స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లన్నిట్లో దాని గొంతే. మల్బరీ తోట మీద సొంతంగా కట్టుకున్న పాట. రొట్టెలు కాల్చేవాళ్లు, లారీ డ్రైవర్లు, చివరికి మా అమ్మ కూడా అదే పాడేవారు. నేనూ ఒక పాట కట్టాను. అదీ మల్బరీ తోట మీదే. పట్టుమిల్లు పిల్లలం, ఇంకేం కడతాం! గొట్టంలో ఎవరి పాట పెట్టాలని మిల్లులో చేతులెత్తించారు. దానికి మూడు వందల పైచిలుకు లేచాయి. నాకు పదకొండు. అందులో ఒకటి నాదే.

రికార్డు చేయాల్సింది నేను. పైనుంచి ఇచ్చింది ఒకే ఒక్క రీలు. మంగళవారం అనార్కాన్ పాడింది, మొదటిసారికే అద్భుతంగా వచ్చింది. బుధవారం మధ్యాహ్నం నేను గది గడియ పెట్టుకుని, అదే రీలు వెనక్కి తిప్పి, దాని మీదే నా పాట పాడాను. కడుపుమంట, ఇంకేం కాదు. డబ్బా మీద దాని పేరు రాసి నా చేత్తోనే మూత వేశాను.

మరుసటేడు దానికి మెడ దగ్గర గడ్డ లేచింది. మా కిర్గిజ్ కొండల్లో ఆడవాళ్లకు అది మామూలే. ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. గడ్డతోపాటు గొంతూ పోయింది. అప్పటినుంచి దానికి మిగిలింది గుసగుసే.

అయినా అది ఏడవలేదు. క్లబ్బు గోడ దగ్గరికి నన్ను లాక్కెళ్లి పలక మీద చెయ్యేసి, "నా గొంతు ఎక్కడికీ పోలేదే జూరా, ఇదిగో, ఇందులో భద్రంగా ఉంది" అంది. ఏటా అదే మాట అనేది. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో లెక్కలేదు. తెరిచి, టీ తాగి, మూసుకున్నాను.

మిల్లు మూతపడింది. లౌడ్‌స్పీకర్లు పీకి పాత ఇనుముకు అమ్మేశారు. క్యాసెట్లు వచ్చాయి, పోయాయి, ఫోన్లు వచ్చాయి. అనార్కాన్ పాట తెలిసినవాళ్లు ఒక్కొక్కరే కొండకింది శ్మశానానికి చేరారు.

అక్టోబరులో మున్సిపాలిటీ నుంచి చినారా అనే అమ్మాయి వచ్చింది. "జూరా అమ్మా, మీ దగ్గర పాత టేపు మిషను ఉందట కదా, ఒక్కరోజుకు ఇవ్వండి."

"అది చెడిపోయింది తల్లీ. ఇంకోటి ఈ రోజుల్లో ఎక్కడా దొరకదు" అన్నాను. అప్పటికే మిషను బెల్టు తెంపి పొయ్యిలో పడేశాను.

"పర్లేదమ్మా, బిష్కెక్ నుంచి తెప్పిస్తాం" అని నవ్వుతూ వెళ్లిపోయింది. మహా చురుకైన పిల్ల, దాని చురుకు తగలెయ్య.

రెండు రోజులకు అనార్కాన్ వచ్చింది. చెవులు కూడా సరిగ్గా వినపడవు దానికిప్పుడు. నూనెలో వేయించిన బోర్సోకులు టీలో ముంచుకు తింటూ, "నా పాట రెండో చరణం ఎలాగే? పొద్దున్నుంచీ తన్నుకుంటున్నా, మొదటిది కూడా జారిపోతోంది" అంది.

ఆ పాట నా లోపల పదిలంగా ఉందనే నా నమ్మకం. యాభై ఏళ్లుగా పైకి పాడలేదు, అంతే. "నాకేం గుర్తే, ముసలిదాన్ని" అన్నాను.

"పోనీలే, రీలుందిగా. మా ఐజిరెక్ లేదూ, మనవరాలు? నేను పాడేదాన్నంటే పడీపడీ నవ్వుతుందే. చచ్చేలోగా ఒక్కసారి దానికి వినిపిస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు నాకు."

ఏడో తారీకు పొద్దున గోడ పగలగొట్టారు. లోపల నీళ్లు చేరి ఉండాలి, తుప్పు పట్టి ఉండాలి అని దేవుణ్ణి వేడుకున్నాను. గొట్టం లోపల ఎండిపోయిన చెరువులా పొడిగా ఉంది. రీలు ఎక్కించారు. అనార్కాన్ మిషను పక్కనే కుర్చీ వేయించుకుని, స్పీకరుకు చెవి ఆనించి కూర్చుంది. తెల్ల టోపీల మగాళ్లు, ఫోన్లు ఎత్తిపట్టిన పిల్లలు, అందరూ దగ్గరికి జరిగారు.

నా గొంతు వచ్చింది. కీచుమంటూ, సాగిపోతూ, నీళ్లలోంచి వస్తున్నట్టుంది. మాటలు సగం తెలియడం లేదు. మల్బరీ తోట అన్నది మాత్రం తెలుస్తోంది. అనార్కాన్ ముఖం చిట్లించుకుంది. అయిపోయింది, కనిపెట్టేసింది అనుకున్నాను.

"నేనే," అంది గుసగుసగా, కళ్ల నిండా నీళ్లతో. "ఐజిరెక్, వింటున్నావా? అది నేనేనే!"

పదేళ్ల ఐజిరెక్ దాని మెడ చుట్టూ చేతులేసి ముద్దులు పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏం చెయ్యను? ఆ ముఖం చూస్తూ ఏ నోటితో చెప్పను?

వారం తిరిగేసరికి ఆ పాట ఊళ్లో ప్రతి ఫోన్లోనూ ఉంది. బడిపిల్లలు వరుసగా నిలబడి పాడుతున్నారు. రెండువేల అరవై ఏడుకు కొత్త గొట్టం పెడుతున్నామని, అందులో మొదట అనార్కాన్ అమ్మ పాటే వేస్తున్నామని, మూత నా చేతుల మీదుగానే వేయాలని చినారా వచ్చి చెప్పింది. రాత్రింబవళ్లు నాకు అదే తలపోత. రెండోసారి కూడా దాన్ని నేనే పాతిపెట్టాలా? వద్దు. అనార్కాన్‌కు ఏమీ చెప్పను. కానీ దాని అసలు పాట ఒక్క నోట్లోనైనా నిలవాలి.

ఐజిరెక్‌ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "మీ అమ్మమ్మది ఇంకో పాట ఉందే. ఎవరికీ రాదు. నీకు నేర్పుతా, ఫోనులో పట్టుకో."

పిల్ల ఫోను ముందు పెట్టింది. కళ్లు మూసుకుని ఎత్తుకున్నాను. వచ్చింది నా పాట. ఆపి, టీ తాగి, మళ్లీ ఎత్తుకున్నాను. మళ్లీ నాదే. స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లు గుర్తొచ్చాయి, మైకు ముందు అనార్కాన్ పెదాలు కదలడం గుర్తొచ్చింది, వాటి వెంట రావలసిన మాట ఒక్కటీ రాలేదు. మూడోసారి గొంతు సవరించుకుని, గట్టిగా, మొదటి నుంచీ ఎత్తుకున్నాను.

ఐజిరెక్ నాతోపాటు గొంతు కలిపి చివరిదాకా పాడింది. తర్వాత ఫోను ఆపేసి నవ్వింది.

"ఇది నాకు వచ్చు కదా జూరమ్మమ్మా. అమ్మమ్మ పాటేగా ఇది!"