రస్సెల్‌కి రాని భాష

బీన్స్ గింజల్లో రాళ్లు ఏరుతుంటే అత్తగారు అన్నారు, “అంత చదువు చదివావు కదమ్మాయ్, రేపు ఆ నాటకమే వండి పెడుతుందా నా కొడుక్కి?”

మా ఇంటి ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లలో కూడా కాలేజీ ముఖం చూసినదాన్ని నేనొక్కదాన్నే. అందుకేనేమో, చదువు తలకెక్కిందని అనిపించుకోకూడదని గింజలు నానబోసి, బడిలో పాఠాలు చెప్పి వచ్చి, రొట్టెలు కాల్చి గుడ్డ కప్పి, అప్పుడు రిహార్సల్‌కి వెళతాను. నా భర్త రొహేలియో వద్దనడు. “ఎన్నింటికొస్తావ్?” అంటాడంతే. రోజూ అంటాడు.

ముగ్గురు స్నేహితురాళ్ల కథతో నేను రాసి ఆడిస్తున్న నాటకం అది. శాన్ ఆంటోనియోలో మా పేట ఆడవాళ్లు మాట్లాడుకున్నట్టే సగం ఇంగ్లీషు, సగం స్పానిష్. చర్చి హాల్లో వేస్తున్నాం. అనువాదం పెట్టనని పట్టుబట్టాను. ఇంట్లో ఒక భాషకీ, బడిలో ఇంకో భాషకీ వెక్కిరింతలు తింటూ పెరిగినవాళ్లం, ఒక్క చోటైనా నోటికి వచ్చినట్టు మాట్లాడుకోనివ్వండి అన్నాను.

ముఖ్యపాత్ర బెలెన్‌ది. నా కూతురికి బాప్తిస్మం ఇచ్చిన రోజు జ్ఞానమాతగా బిడ్డను ఎత్తుకుని నిలబడింది తనే. అప్పటి నుంచి మేం ఒకరినొకరు ‘కొమాద్రే’ అని పిలుచుకుంటాం. మాలో తోబుట్టువు కన్నా దగ్గరి పిలుపు అది.

ఆమె భర్త రస్సెల్ రోజూ వచ్చి ఆఖరి వరసలో కూర్చుంటాడు. బెలెన్ ఫోన్ అతని చొక్కా జేబులో ఉంటుంది. అందరికీ తీపి బన్నులు తెస్తాడు. “ఎంత అదృష్టమే నీది!” అంటారు తక్కినవాళ్లు. స్పానిష్ మాట్లాడినందుకు రస్సెల్ వాళ్ల తాతను చిన్నప్పుడు బడిలో కొట్టారట. ఆ దెబ్బలు పిల్లలకి వద్దని ఇంట్లో ఆ భాషే మానేశారు. రస్సెల్‌కి ఒక్క ముక్క రాదు.

ఒకరోజు వంటింటి సన్నివేశంలో, మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో పిండి చుడుతూ, బెలెన్ నవ్వుతూనే స్పానిష్‌లో స్క్రిప్టులో లేని మాటలు అంది.

“నిన్న నా గొంతు పట్టుకున్నాడు. ఈసారి వదలనన్నాడు. నవ్వండే, చూస్తున్నాడు.”

పక్కన ఇంకో స్నేహితురాలి పాత్ర వేస్తున్న ఇనేస్ పిండి చేతులతోనే పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. వెనక వరసలోంచి రస్సెల్ కూడా నవ్వాడు.

ఇంట్లో చెబితే రొహేలియో తల ఎత్తకుండానే అన్నాడు, “వాళ్ల సంసారం వాళ్లది. నీకు నీ ఇల్లు లేదూ?” ఉంది. ఆ ఇంట్లో ఇంకా ఏ గిన్నె కడగాలో వెతుక్కుంటూ నిలబడ్డాను.

ఆఖరి రిహార్సల్ అయ్యాక వేదిక ముందుకి వెళ్లి, పిల్లల్ని గదమాయించే గొంతుతో స్పానిష్‌లో అందుకున్నాను.

“బెలెన్! రెండో అంకంలో పెరటి తలుపు గుండా వెళతావు చూడు, రేపు వెళ్లి మరి రాకు. బయట ఇనేస్ వాళ్లక్క కారులో ఉంటుంది. నిన్ను దాచే చోటు ఆవిడకి తెలుసు. తరవాతి నీ మాటలు నేను వేదిక మీదికి వచ్చి చెబుతా. తల ఊపు!”

బెలెన్ బుద్ధిగా తల ఊపింది.

“ఏం టీచర్ గారూ, మా ఆవిడ తప్పు చేసిందా?” రస్సెల్ లేచాడు.

“పెరటి తలుపులోంచి వెళ్లేటప్పుడు తడబడుతోందండీ. చకచకా వెళ్లమంటున్నాను.”

“దానికి కంగారెక్కువ.” ఒక్కో వరసా దాటుతూ ముందుకి వచ్చాడు. “రేపు తెర వెనక ఆ తలుపు దగ్గరే నిలబడతాను. ధైర్యంగా ఉంటుంది.”

చేతిలోని స్క్రిప్టు మడిచి చంకలో పెట్టుకున్నాను.

“ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటండీ అది. మీకు ముందు వరసలో మధ్య కుర్చీ ఉంచాను.”

ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి చూశాడు. తరవాత నవ్వాడు. “సరే.”

పాత్ర నవ్వు మొహానికి పులుముకుని బెలెన్ స్పానిష్‌లో అడిగింది, “నా బదులు నువ్వు వచ్చి నిలబడితే అతనికి తెలిసిపోతుంది. అప్పుడు నువ్వెటు వెళతావ్, కొమాద్రే?”

“ఏమంటోంది?” అన్నాడు రస్సెల్.

“నాటకంలో మాటేనండీ.” అతని కళ్లలోకి చూస్తూనే బెలెన్‌కి స్పానిష్‌లో చెప్పాను. “ఎటూ వెళ్లను. నువ్వు దూరం చేరేదాకా నీ మాటలు నేను చెబుతూ ఉంటా. ఆ రోజు వంటింటి సన్నివేశంలో నీ గొంతు గురించి నువ్వు చెప్పిన మాట మాత్రం చివర్లో అందరి ముందూ చెబుతా. ఇంగ్లీషులో.”