దిద్దని చుక్క

నేను ఒక కుంచెను. కుంచె అనగానే గోడలకు సున్నం కొట్టేదో, దుకాణాల బోర్డులకు రంగులు వేసేదో మీ కళ్ళ ముందు మెదిలితే మిమ్మల్ని తప్పుపట్టను. సూళ్లూరుపేటలో అందరూ నన్ను అలాగే చూశారు. నేను రాసే కుంచెను. జపాన్‌లో ఎన్ని పెన్నులున్నా, నాలాంటి వాటిని నల్లసిరాలో ముంచి పల్చటి కాగితం మీద అక్షరాలు రాయడం ఇప్పటికీ ఒక పెద్ద విద్యగా నేర్చుకుంటారు. ఆ విద్య నాకు పుట్టుకతోనే వచ్చు. వచ్చి ఏం లాభం? నా అంతట నేను ఒక్క గీత కూడా గీయలేను. పట్టుకున్న చెయ్యి ఎటు పోతే అటు పోవాలి. నా బతుకంతా అదే బాధ.

హిరోషిమా దగ్గర కొండల మధ్య ఒక ఊళ్ళో పుట్టాను. అక్కడ ఇంటింటా కుంచెలు చేసేవాళ్ళే. నా వెంట్రుకలు తెల్ల మేకవి, కాడ వెదురుది. నన్ను చేసిన ముసలావిడ ఆ వెంట్రుకలకు బూడిద పట్టించి జిడ్డు తీసింది. దువ్వింది. మొద్దుబారిన వాటినీ, తలకిందులుగా తిరిగిన వాటినీ చిన్న కత్తి మొనతో ఏరి పారేసింది. అన్నిటికంటే పొడుగైనవాటిని నడిమధ్యన పెట్టింది. వాటిని అక్కడ ప్రాణపు వెంట్రుకలంటారు. అవి ఉన్నంతవరకే నాకు మొన ఉంటుంది. చివరికి సముద్రపు నాచు జిగురులో ముంచి, మొగ్గలా బిగించి అంగడికి పంపింది. పుట్టగానే నోరు కుట్టేసినట్టయింది నాకు.

నన్ను కొన్నది హిరోకో గారు. ఆవిడ భర్త సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీకి పెద్ద ఇంజనీరుగా వస్తే, ఆవిడ బట్టల మధ్య చెక్కపెట్టెలో నేనూ వచ్చాను. ఇక్కడ ఆవిడకు ఏమీ తోచేది కాదు. ఆ ఫ్యాక్టరీలో విదేశీ కుటుంబాల మంచిచెడ్డలు చూసే ఉద్యోగి కామాక్షి. గ్యాస్ బండ నుంచి పంటి డాక్టరు దాకా అన్నిటికీ ఆమే దిక్కు. మీకు వచ్చిన విద్య ఏదైనా నేర్పకూడదా అని అడిగింది ఆమే. బజారులో ఒక మందుల షాపు మీద గది కూడా చూసిపెట్టింది. శనివారం మధ్యాహ్నాలు క్లాసు. డ్రాయింగు అనుకుని కొందరు, జపాన్‌లో ఉద్యోగం వస్తుందనుకుని కొందరు చేరారు. చేతులకు సిరా తప్ప ఇంకేమీ అంటడం లేదని తేలాక ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలింది ఒక్క పెంచలయ్య. ఆయన కామాక్షి తండ్రి. ఆయన కూడా ఇష్టపడి రాలేదు, కూతురు బలవంతం మీద వచ్చాడు. క్లాసు ఉన్నంతసేపు వాడుకోమని హిరోకో గారు నన్ను ఆయన చేతికిచ్చింది.

పెంచలయ్య ఫోటో స్టూడియోలో టచింగ్ పని చేసేవాడు. కంప్యూటర్లు రాకముందు ప్రతి స్టూడియో వెనక గదిలోనూ అలాంటి మనిషి ఒకడుండేవాడట. పెళ్ళికూతురి మొహం మీది మచ్చలు తీసేయడం, రెప్ప వాల్చిన పెళ్ళికొడుక్కి కళ్ళు తెరవడం, పోయినవాళ్ళ పాత ఫోటోలకు కళ తెప్పించడం ఆయన పని. అందులో ఆయనది అందెవేసిన చెయ్యి. ఆ చెయ్యే నా పాలిట శాపమైంది.

మొదటిరోజే నన్ను నోట్లో పెట్టుకున్నాడు. టచింగ్ వాళ్ళు కుంచె మొనను నాలిక మీద తిప్పి సన్నం చేసుకుంటారట, నలభై ఏళ్ళ అలవాటు. నేను నిండా సిరాలో మునిగి ఉన్నాను. హిరోకో గారు బిత్తరపోయి చూస్తుండగా ఆయన పెదవులూ పళ్ళూ నల్లబడ్డాయి. ఆవిడ పరుగెత్తి నీళ్ళు తెచ్చింది. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు పుక్కిలించి, జపాన్ సిరా కాస్త చేదుగా ఉందన్నాడు. ఇంకోరోజు నేను మరీ లావుగా ఉన్నానని, చుట్టూ వెంట్రుకలు కోసి సన్నం చేద్దామని జేబులోంచి సగం బ్లేడు తీశాడు. ఆవిడ చూడబట్టి బతికిపోయాను.

వీటన్నిటినీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. ఈ విద్యలో గీసిన గీత మీదికి మళ్ళీ వెళ్ళకూడదు. వంకర పోయినా, సిరా చాలకపోయినా అది అంతే. ఇష్టం లేకపోతే ఇంకో కాగితం తీసుకోవాలి. పెంచలయ్యకు అది ఎంతకీ ఒంటబట్టలేదు. గీత గీసి నన్ను పైకెత్తగానే ఆయన కళ్ళు సన్నబడేవి. ఆ అంచు దగ్గర కాస్త, ఈ మూల దగ్గర కాస్త. ఆయన వేళ్ళలో ఆ దురద పుట్టడం నాకు ముందే తెలిసేది. ఆపుదామంటే నాకేముంది? వెళ్ళి దిద్దేదాన్ని. దిద్దినచోట సిరా ఊరి, కాగితం పిగిలి, గీత కాస్తా బొంగరంలా ఉబ్బేది. "వద్దు," అనేది హిరోకో గారు. కూరగాయల బండి దగ్గర నేర్చుకున్న మాట అది. ఆవిడకు గట్టిగా వచ్చిన తెలుగు అదొక్కటే. వద్దు అన్నప్పుడల్లా ఆయన బుద్ధిగా తలూపి, ఆవిడ అటు తిరగగానే మళ్ళీ దిద్దేవాడు.

ఆయన్ని ఆ క్లాసుకు ఎందుకు లాక్కొచ్చారో, ఇంట్లో సాధన చేసుకోమని హిరోకో గారు నన్ను ఆయనతో పంపినప్పుడు తెలిసింది. ముందు గదిలో గోడకు ఒక ఫోటో ఉంది. ఆయన భార్య చెంగమ్మది. కామాక్షి ఇంకా నడక నేర్చుకుంటుండగానే ఆవిడ జ్వరం వచ్చి పోయింది. ఆ ఏడే కాళంగి ఏటి వరదలో ఇల్లు మునిగి ఉన్న ఫోటోలన్నీ నానిపోయాయి. స్టూడియోలో ఉండబట్టి పెళ్ళినాటి ఫోటో ఒక్కటి దక్కింది. దాన్ని పెళ్ళప్పుడే నెగెటివ్ మీద కత్తితో గీకి, పెన్సిల్‌తో నింపి పెంచలయ్యే టచింగ్ చేశాడు. తర్వాత ఏటా ఆవిడ పోయిన తిథికి ఫోటో దించి, తుడిచి, వెలిసినచోటల్లా కాస్త దిద్దేవాడు. ఒక ఏడాది కనుబొమ్మలు. ఒక ఏడాది ముక్కు. కళ్ళలో వెలుగు, పెదవుల అంచు, చెంపల నునుపు. అంతా ప్రేమకొద్దీ చేసిందే. ఇప్పుడు ఆ ఫోటోలో ఉన్నావిడ చూడచక్కగా ఉంటుంది, కాకపోతే ఆవిడ ఎవరికీ ఏమీ కాదు.

కామాక్షికి తల్లి మొహం గుర్తులేదు. ఆయన తప్ప ఆవిడ్ని చూసినవాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు. నలభై దాటిన మనిషి, ఆఫీసులో పదిమందికి ధైర్యం చెప్పే మనిషి, పొద్దున తల దువ్వుకుంటూ చేతి అద్దం పట్టుకుని ఆ ఫోటో ముందు నిలబడేది. అద్దంలో ఒకసారి, ఫోటోలో ఒకసారి చూసుకునేది. ఆమెది కోలమొహం, కాస్త చప్పిడి ముక్కు, గడ్డం మీద ఎడమపక్కన మిరియం గింజంత పుట్టుమచ్చ. వాటిలో ఒక్కటీ ఆ ఫోటోలో ఉండేది కాదు.

"నాయనా, ఈమెలో నాది ఒక్కటన్నా ఉండాదా?" అని నేను ఆ ఇంటికి రాకముందు ఒక పొద్దున అడిగిందట.

ఫోటో పాతబడింది గదా, ఈసారి సరిచేస్తాలే అని ఆయన జవాబు. వెంటనే కుంచెల డబ్బా కోసం లేచాడట కూడా. ఆ డబ్బా కామాక్షి అప్పటికే బీరువాలో పెట్టి తాళం వేసేసింది. ఇంకా ఏ మూలనో అమ్మ మిగిలి ఉంటే అదైనా ఉండనీ అని ఆమె ఏడ్చిన సంగతి ఆయనే నా ఎదుట గొణుక్కున్నాడు. దిద్దడానికి వీల్లేని పని ఒకటి అలవాటు చేస్తే ఆ చెయ్యి కుదురుతుందని ఆమె ఆశ. ఆ ఆశ పెట్టుకున్నది నా మీద. నా చేతకానితనం ఆమెకు తెలియదు పాపం.

ఒక శనివారం పెంచలయ్య కాగితం మీద నన్ను ఊరికే ఆనించి కూర్చున్నాడు. హిరోకో గారు పక్కన సిరా కడ్డీని రాతిమీద నీళ్ళతో నూరుతోంది. ఆవిడకు తెలుగు రాదన్న ధైర్యంతో కాబోలు, ఎవరికీ చెప్పనిది ఆవిడకు చెప్పాడు.

"మేడమ్, ఆమె మొగం నాకూ గుర్తులేదు. కళ్ళు మూసుకుంటే నేను గీసిందే కనపడతాది."

ఆవిడ చాలా మర్యాదగా విని, ఆయన సిరా అడుగుతున్నాడనుకుని గిన్నెలో ఇంకాస్త పోసింది. అర్థం కానావిడకు నోరుంది, అర్థమైన నాకు లేదు. ఆ రోజంత దుఃఖం నాకు ఎప్పుడూ కలగలేదు.

అడ్డగీతలూ నిలువుగీతలూ అయ్యాక ఆవిడ ఒక అక్షరం మొదలుపెట్టించింది. ఎప్పటికీ ఉండేది అని దాని అర్థమట. దానికి నెత్తిన ఒక చుక్క ఉంటుంది. చూడటానికి చుక్కే, చేతికి చుక్కలు కనిపిస్తాయి. మొనను ఏటవాలుగా దించాలి, నొక్కాలి, ఒక్క లిప్త ఆగాలి, తీసేయాలి. తీశాక చూసుకుని మురిసిపోవడాలూ, అయ్యో అనుకోవడాలూ లేవు. పెంచలయ్య కట్టలకొద్దీ కాగితాలు పాడుచేశాడు. ఒకరోజు మాత్రం ఎలా పడిందో ఒక చుక్క నిండుగా, ఒంటరిగా, చక్కగా పడింది. ఆయన దాని వంక చాలాసేపు చూశాడు. అప్పుడే తండ్రిని తీసుకెళ్ళడానికి కామాక్షి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన తలెత్తి ఆమె మొహం వంక చూశాడు, మళ్ళీ చుక్క వంక చూశాడు. నా కాడ మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి.

ఆ తర్వాత కొద్దిరోజులకే హిరోకో గారి భర్తకు బదిలీ అయింది. వెళ్ళేముందు ఆవిడ నన్ను పెంచలయ్యకే ఇచ్చేసింది. బాగా రాయకపోయినా ఫరవాలేదు, వెనక్కి మాత్రం వెళ్ళొద్దని చెప్పిందట. కామాక్షి అది తెలుగులో తండ్రికి చెప్పింది. ఆయన ఆవిడకు రెండు చేతులా దణ్ణం పెట్టాడు.

ఒక మధ్యాహ్నం కామాక్షి ఆఫీసులో ఉండగా ఆయన స్టూలెక్కి ఫోటో దించాడు. వెనక మేకులు ఊడబీకి, అద్దం తీసి, ఫోటోను బల్ల మీద పరిచాడు. సిరా నూరాడు. ఇంతకాలం వద్దు వద్దు అని చెప్పించుకున్నది ఇందుకేనా అనిపించింది. ఆయన సగం బ్లేడు తీసి నా వెంట్రుకల పక్కన ఆనించాడు. చుట్టూ కోసేసి, నడుమనున్న ప్రాణపు వెంట్రుకలు నాలుగు మిగిల్చి, నన్ను తన పాత కుంచెల్లో ఒకదానిగా చేసుకుంటాడని తెలిసిపోయింది. అరవలేను, పారిపోలేను. బ్లేడు అంచు చల్లగా తగిలింది.

అంతలో ఆయన బ్లేడు పక్కన పెట్టేశాడు. "సన్నంగా ఉంటే మళ్ళా దిద్దబుద్దయితాది," అని తనలో తాను అనుకున్నాడు.

నన్ను నన్నుగానే సిరాలో ముంచాడు. సిరా ఎక్కువైందని నాకు తెలుస్తూనే ఉంది. గిన్నె అంచుకు ఒకసారి ఒత్తితే బాగుండేది, ఒత్తలేదు. చెంగమ్మ గడ్డం మీదికి, ఎడమవైపుకి నన్ను తీసుకెళ్ళాడు. చెయ్యి కాస్త కిందికి జారింది. దించాడు, నొక్కాడు, ఆగాడు, తీశాడు. చుక్క పడింది. పడాల్సినచోటికి కాస్త దిగువన, ఉండాల్సినదానికంటే పెద్దదిగా పడింది. సిరా ఇంకా తడిగానే ఉంది. పక్కనే తడిగుడ్డ ఉంది. అద్దుకుంటే వచ్చేస్తుంది, మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆయన కళ్ళు సన్నబడ్డాయి. వేళ్ళలో ఆ పాత దురద నాకు తెలిసింది. నేను కిందికి కదిలాను.

"వద్దు," అన్నాడు పెంచలయ్య. అచ్చం హిరోకో గారిలా అన్నాడు. నన్ను పళ్ళెంలో పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కామాక్షి వచ్చేసరికి ఫోటో ఇంకా బల్ల మీదే ఉంది. గుమ్మంలోంచే ఆమె మొహం మారిపోయింది. మళ్ళా ముట్టుకున్నావా నాయనా అంటూ వచ్చింది. బల్ల దగ్గరికొచ్చి వంగి చూసింది. ఆమె చెయ్యి దానంతటదే తన గడ్డం మీదికి పోయింది.

"అమ్మకు ఉండిందా?"

"ఉండింది," అన్నాడు. పెళ్ళి ఫోటోలో మొట్టమొదట తీసేసింది దాన్నేనని, మచ్చలు తీయడమే తన పని గనక ఆలోచించకుండా తీసేశానని, మొహం మరిచిపోయినా గీకినచోటు చేతికి గుర్తుందని మెల్లగా చెప్పుకొచ్చాడు.

కామాక్షి ఇంకా వంగి చూస్తూనే ఉంది. "నాకంటే కిందికుండాదే," అంది.

"అది తప్పుపడింది అమ్మణ్ణీ. ఆమెది అక్కడ కాదు." ఆయన లేచి, సిరా అంటిన వేలితో కూతురి గడ్డం మీది మచ్చను తాకాడు. "ఇక్కడ."

ఆమె ఆ వేలిని అలాగే పట్టుకుని నిలబడింది. ఇద్దరిలో ఎవరికీ నన్ను కడగాలన్న ధ్యాస లేకపోయింది. తెల్లారేసరికి సిరా మొదలంటా ఎండిపోయింది. పెంచలయ్య వేన్నీళ్ళలో నానబెట్టి నొక్కి చూస్తే నా ప్రాణపు వెంట్రుకలు పుటుక్కుమని విరిగాయి. ఇక నాతో ఎవరూ ఏమీ రాయలేరు. నన్ను ఒక గాజుగ్లాసులో వేసి, ఆ ఫోటో కింద అలమరలో పెట్టారు.

ఇక్కడి నుంచి నాకు అంతా కనిపిస్తుంది. పెంచలయ్య బీరువా తాళం అడగడం మానేశాడు. తిథినాడు ఫోటోకు దండ మాత్రం మార్చాడు. అందులో ఉన్నావిడ ఇప్పటికీ చెంగమ్మలా ఉండదు. గడ్డం మీది చుక్క తప్పుచోటే ఉంది, దాన్ని వేసింది నేనే. కామాక్షి ఇప్పుడు చేతి అద్దం తేవడం లేదు. ఆఫీసుకు పోయేముందు ఒక్క క్షణం ఆ చుక్కను చూసి, సరైనచోటు తన గడ్డం మీద వేలితో తడుముకుని పోతుంది.