సంచిలో పట్టే గాలం

మా ఆయనది గోడౌన్‌లో మేనేజరు ఉద్యోగం. ఏ పెట్టె మీద ఏ పెట్టె పెడితే ఎంత చోటు మిగులుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ విద్యని ఏడాదికోసారి మా కారు డిక్కీ మీద చూపిస్తారు. ఆ రోజు ఇంటిల్లిపాదీ సరస్సు ఒడ్డున కాటేజీలో మూడు రోజులు గడపడానికి బయలుదేరతాం. మనిషికి ఒక్క సంచి. ఏ సంచి ఎక్కడ పెట్టాలో ముందే కాగితం మీద గీసి ఫ్రిజ్‌కి అంటిస్తారు. నాది నీలం సంచి, స్టెప్నీ పక్కన. కారు పైన మాత్రం మూడు పొడుగాటి గొట్టాలు కట్టి ఉంటాయి. వాటిలో మూడు గాలాలు: మా ఆయనది, మా మరిదిది, మా ఆడపడుచు మొగుడిది.

సరస్సులో పడవ ఒకటే. నడిపేవాడు కాక నలుగురికి చోటుంటుంది. "గాలం ఉన్నవాళ్ళకే పడవ" అని మా ఆయన మొదటి ఏడాదే రూలు పెట్టేశారు. మూడు సీట్లలో ముగ్గురు మగవాళ్ళు కూర్చుంటారు. నాలుగో సీట్లో ఐసు పెట్టె కూర్చుంటుంది. ఏడేళ్ళుగా ఆ పెట్టె నా కళ్ళముందే సరస్సు మధ్యకి షికారు వెళ్ళి వస్తోంది. సాయంత్రం ముగ్గురూ ఒడ్డుకొచ్చి, "ఎలా లాగిందనుకున్నావ్! చెయ్యి ఊడిపోయిందంతే!" అని చేతులు బారలు చాచి చెబుతుంటే, ఆ లాగుడు ఎలా ఉంటుందో తెలియక నేను ఊఁ కొడుతూ ఉంటాను.

పోయినేడు ఉండబట్టలేక అడిగేశాను. "ఈసారి నేనూ వస్తానండీ."

"గాలం ఏదీ?" అన్నారు మా ఆయన.

"కొనుక్కుంటాను."

"పెట్టడానికి చోటేదీ? పైన మూడే గొట్టాలు. నీ సంచిలో పట్టే గాలం ఏదైనా ఉంటే చెప్పు, రాజాలా కూర్చోబెట్టి తీసుకెళ్తా."

ముగ్గురూ నవ్వారు. మా మరిదయితే, "వదినా, లిప్‌స్టిక్‌లా మెలితిప్పితే పైకొచ్చేది చూడు" అన్నాడు. నేనూ నవ్వాను. మనసులో మాత్రం తేదీ వేసుకున్నాను.

ఈ ఏడు ప్రయాణం వారంలో పడిందనగా మా ఆడపడుచు ఫోన్ చేసింది. తను బళ్ళో డ్రిల్లు టీచరు. ఆరడుగులకి కాస్త తక్కువ. ఇంట్లో అందరం నిచ్చెన అంటాం. పడవ పేరెత్తితేనే దానికి కడుపులో తిప్పుతుంది కాబట్టి ఆ నాలుగో సీటుకి నాకు పోటీ రాదు.

"వదినా, బస్సులో నా పక్కనాయన సంచిలోంచి గొడుగంత గాలం తీశాడు! అబద్ధం కాదు, నా కళ్ళతో చూశా!"

"గొడుగేమో, సరిగ్గా చూశావా?"

"గొడుక్కి రీలు ఉంటుందా?"

నా గుండె ఒక్క గెంతు గెంతింది. పొయ్యి మీద పాలు కూడా అదే పని చేశాయి.

తీరా నిచ్చెనకి సెలవు దొరికింది ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నమే. మా ఆయన అయిదున్నరకి ఇంటికొస్తారు. వచ్చీ రాగానే సంచులు ఎత్తి డిక్కీలో సర్దుతారు. ఆ వేళకి గాలం లోపలుండాలి, జిప్పు పడి ఉండాలి. కొట్టుకి బయలుదేరే ముందు సంచి కొలుద్దామంటే టేపు మా ఆయన బీరువాలో ఉంది. తాళంచెవి అడిగితే ఎందుకంటారు. అందుకని జానతో కొలిచాను. రెండున్నర జానలు.

గాలాల కొట్టు ఇనుప సామాన్ల వీధిలో రెండు పెద్ద షాపుల మధ్య ఇరుక్కుని ఉంది. లోపల రబ్బరు వాసన. గోడ నిండా నిలబెట్టిన కర్రలు. అద్దాల బల్ల వెనక పెద్దాయన ఒకరు మునివేళ్ళతో కొక్కేలకి ముళ్ళు వేస్తూ తలెత్తారు.

"సారుకి ఏ సైజు కావాలమ్మా?"

"సారుకేం అక్కర్లేదు బాబాయ్ గారూ. సారుకి తెలియకుండా కావాలి."

ఆయన చేతిలో ముడి అక్కడే వదిలేశారు. "అట్లా చెప్పండి మరి!" అంటూ బల్ల కిందనుంచి పొట్టి సంచులు నాలుగు తీసి పరిచారు. "ప్రయాణాల్లో పట్టుకెళ్ళేవి రెండు రకాలు. ఇది గొట్టంలో గొట్టం దూరే రాడ్డు, రేడియో ఏరియల్లాగ. లాగితే ఏడడుగులు. ఇది ముక్కల రాడ్డు. అయిదు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి బిగించుకోవాలి."

నిచ్చెన ఆయన మాట పూర్తి కానివ్వలేదు. మొదటిదాన్ని అందుకుని సర్రున లాగింది. కొస వెళ్ళి సీలింగు ఫ్యానుకి ఠింగుమని తగిలింది.

"వదినా, ఇదే! ఒక్క లాగుడంతే! ఆ ముక్కలు అతుక్కుంటూ కూర్చుంటే ఈలోగా మా అన్నయ్య సరస్సు ఖాళీ చేసేస్తాడు."

"ఏడేళ్ళలో ఏడు చేపలు పట్టారు మీ అన్నయ్య. సరస్సుకి వచ్చిన భయమేం లేదులే."

అన్నానే గాని నాకూ చెయ్యి దురద పెట్టింది. లాగడం, తొయ్యడం, మళ్ళీ లాగడం. సర్రు, సర్రు, సర్రు. పెద్దాయన ఏదో చెప్పబోయి మా ఆనందం చూసి ఊరుకున్నారు.

రీలు దగ్గర మాత్రం ఊరుకోలేదు. నేను మా ఆయన దగ్గరున్నలాంటి పెద్ద వెండిరంగు రీలు మీద చెయ్యి వేశాను. ఆయన దాన్ని రాడ్డుకి బిగించి నా చేతికిచ్చారు. మణికట్టు దిగలాగింది.

"చంటిపిల్లకి నాన్న చెప్పులు తొడిగినట్టుంది కదా? పొట్టి రాడ్డుకి పొట్టి రీలే కట్టాలమ్మా." బత్తాయంత రీలు ఒకటి తీశారు. పిడి మడత పెడితే పక్కకి ఒదిగిపోయింది. "మీరు ఏ చేత్తో తిప్పుతారు?"

"పప్పు గరిటైతే కుడిచేత్తోనే."

"అయితే రాడ్డు కుడిచేతికి, తిప్పుడు ఎడంచేతికి. బలమున్న చెయ్యి చేపతో కుస్తీ పట్టాలి." పిడి మర విప్పి ఆ పక్కనుంచి ఈ పక్కకి బిగించారు. తిప్పి చూశాను. కొత్త సైకిలు చక్రంలా మెత్తగా తిరిగింది. ఇక నా చెవులకి ఏమీ వినపడలేదు. నేను అలా తిప్పుకుంటూ ఉండగానే నిచ్చెన ముడిచిన రాడ్డుని బల్ల మీద పెట్టి కొలిచేసింది.

"నీ సంచి ఎంతన్నావు?"

"రెండున్నర జానలు."

"ఇది రెండున్నరకి ఒక వేలు తక్కువ. పద!"

ఇంటికొచ్చి మంచం మీద సంచి తెరిచి రాడ్డు పెట్టాను. నాలుగు వేళ్ళు బయటికి పొడుచుకొచ్చింది. ఐమూలగా పెట్టాను. జిప్పు సగం దాకా వచ్చి మొండికేసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నిచ్చెన నెమ్మదిగా తన అరచెయ్యి నా ముందు చాపింది. నా చెయ్యి దానిమీద ఆనించాను. దాని చిటికెన వేలు నా వేలిని దాటిపోయి నన్ను వెక్కిరించింది.

"సంచి నీ జానతో కొలిచావా?" అంది.

"మరి మీ అన్నయ్య జానతో కొలుస్తానా?"

"ముందే చెప్పొద్దూ, పొట్టిదానా!"

"వదిన్ని పట్టుకుని పొట్టిదంటావా? డ్రిల్లు టీచరువి, పిల్లల ఎత్తులు కొలిచే చేతులు. స్కేలొకటి బ్యాగులో పడేసుకోలేకపోయావా?"

గోడ గడియారంలో మూడూ నలభై. తిట్టుకోవడానికి బస్సులో బోలెడంత టైముంటుందని, ఈసారి సంచినే చంకన పెట్టుకుని పరిగెత్తాం.

పెద్దాయన మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. "తడిసిందా?" అని మాత్రం అడిగారు.

"మీ బల్ల మీంచి మా మంచం మీదికి వెళ్ళొచ్చింది, అంతే."

"అయితే మారుస్తాను. రీలు అదే ఉంచుకోండి." ముక్కల రాడ్డు తీసి నీలం సంచిలో తనే పెట్టారు. అయిదు ముక్కలూ పక్కపక్కన పడుకున్నాయి. రీలు పెట్టాక ఒక చీర మడతకి కూడా చోటు మిగిలింది. నేను గట్టిగా ఊపిరి వదిలాను. కాని నిచ్చెన మొహం వేలాడేసింది. "ముక్కల బొంత. చేప పడితే విడిపోదూ?"

"విడిపోతుందో లేదో చూద్దాం రండి" అన్నారాయన. ముక్కలు బిగించడం నాకు నేర్పారు: దూర్చాలి, కొద్దిగా తిప్పాలి, పైనుంచి ఒక కన్ను మూసి చూస్తే రింగులన్నీ ఒకే వరసలో కనపడాలి. దారం ఎక్కించి, దాని కొసని నిచ్చెన చేతికిచ్చారు. "అమ్మా, నువ్వు చేపవి. వీధిలోకి పరిగెత్తు."

చెప్పడమే ఆలస్యం, నిచ్చెన చున్నీ నడుముకి బిగించి ఒక్క ఉరుకు ఉరికింది. రీలు జిర్ర్ర్‌మని కూసింది. నా చేతిలో రాడ్డు విల్లులా వంగింది, కొస దగ్గర కాదు, అరచేతి దాకా. ఆ అదురు మోచేతిలోకి, భుజంలోకి, అక్కణ్ణుంచి నేరుగా నవ్వులోకి వచ్చింది.

"లాగండి! ఎత్తండి, దించేటప్పుడు చుట్టండి! ఎత్తండి, దించండి!" అని పెద్దాయన నా పక్కన గెంతుతున్నారు.

"రానుగాక రాను!" అని అరుస్తోంది చేప.

ఇనుప షాపుల్లోంచి జనం బయటికొచ్చారు. మేకులు తూచేవాడు తూకం ఆపేశాడు. "ఎడంపక్కకి తిప్పక్కా, ఎడంపక్కకి!" అని ఎవరో సలహా. నిచ్చెన అటు దూకింది, ఇటు దూకింది, కరెంటు స్తంభం చుట్టూ తిరగబోతే, "చేపలు స్తంభాల చుట్టూ తిరగవే, దగా చెయ్యకు!" అని అరిచాను. ఎత్తాను, దించాను, చుట్టాను. ముక్క ఊడలేదు. చివరికి నిచ్చెన వగరుస్తూ వచ్చి నా భుజం మీద వాలింది.

"ఇదే వదినా. ఇదే కొను" అంది, ఊపిరందాక.

అది చెప్పకపోయినా ఆ రాడ్డు నేను కింద పెట్టేదాన్ని కాదు.

అయిదూ ఇరవైకి జిప్పు పడింది. అయిదూ ముప్పై రెండుకి మా ఆయన నీలం సంచి ఎత్తారు. నేను గుమ్మానికి ఆనుకుని, గోళ్ళు చూసుకుంటున్నట్టు నిలబడ్డాను.

"తేలిగ్గా ఉందే! ఈసారి బుద్ధిగా సర్దావు" అని మెచ్చుకుని స్టెప్నీ పక్కన దోపారు. సంచి సరిగ్గా కూర్చుంది. డిక్కీ మూత దభీమని పడగానే వంటింట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

మర్నాడు సరస్సు పొద్దుటి ఎండలో తళతళమంటోంది. ముగ్గురు మగవాళ్ళూ తమ గొట్టాలు విప్పుకుని పడవెక్కారు. మా మరిది ఐసు పెట్టె ఎత్తబోతుంటే నేను చెక్క వంతెన మీద చతికిలబడి సంచి విప్పాను. ఒక ముక్క. రెండో ముక్క. మూడు, నాలుగు, అయిదు. ఒక కన్ను మూసి చూశాను. రింగులన్నీ వరసగా నిలబడ్డాయి. రీలు బిగించి, పిడి మడత విప్పాను.

"ఏంటిది?" అన్నారు మా ఆయన.

"సంచిలో పట్టింది."

"నిన్న నేనే కదా సర్దింది!"

"అవునండీ. చక్కగా సర్దారు."

నిచ్చెన మొగుడు, "బొమ్మలా ఉందమ్మా, పనిచేస్తుందా?" అని అనుమానపడ్డాడు. పడవవాడు చెయ్యి చాపి రాడ్డు తీసుకున్నాడు. కొస పట్టుకుని వంచాడు, వదిలాడు, రీలు రెండు చుట్లు తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తరవాత నాకు తిరిగిచ్చి, జరగమన్నట్టు మా మరిదికి సైగ చేశాడు.

"మరి ఐసు పెట్టె ఎక్కడ కూర్చుంటుంది?" అన్నారు మా ఆయన, గోడౌన్ గొంతుతో.

"ఒడ్డున. దానికి గాలం లేదుగా."

నిచ్చెన పకపకా నవ్వుతూ ఆ పెట్టెని తన కాళ్ళ దగ్గరికి లాక్కుంది. నేను పడవెక్కాను. పడవ ఊగింది, ఒడ్డు మెల్లగా వెనక్కి జరిగింది. ఏడేళ్ళు దూరంనుంచి చూసిన నీళ్ళు ఇప్పుడు నా చేతికి అందేంత దగ్గర్లో ఉన్నాయి. సరస్సు మధ్యకొచ్చాక లేచి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను. మా ఆయన నా ముందు సీట్లో కూర్చుని ఇంకా డిక్కీ గురించే ఆలోచిస్తున్నట్టున్నారు.

"ఏవండీ" అన్నాను. "కాస్త తల వంచండి."

వంచారు. విసిరాను.