గడ్డి పులిసిన జాడీ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు అమ్మమ్మ ఖంపూన్, పెదనాన్న బున్‌లోమ్, ఆయన కూతురు నిత్తయా, మెట్ల కింద పొదుగుతున్న కోడి, ఇంకా క్రతిన్. అమ్మ, పెద్దమ్మ వరికోతకు పోయారు. పదింటికి రచనీ టీచరు జిల్లా నుంచి ఇద్దరు పరీక్షకులను తీసుకొస్తుందని తెలిసే పోయారు. కోత ఎవరి కోసమూ ఆగదు.

పరీక్షకులు చూడవలసింది ఒక జాడీ. అందులో ఉన్నది పులిసిన వరిగడ్డి. దాన్నుంచి మోటారుసైకిలు ట్యాంకులో పోసుకోదగ్గ ఇథనాల్ తీసి, వెలిగించి చూపించాలి. అది వెలిగితే ఖోన్‌కేన్ నగరంలో జరిగే ప్రదర్శనకు బడి తరఫున ఒక పిల్లను పంపుతారు.

పద్నాలుగేళ్ళ క్రతిన్ సంత దాటి ఎక్కడికీ పోయింది లేదు. ఖోన్‌కేన్ చూడాలని ఆమెకు ఎంత ఉందో ఎవరికీ తెలియదు. చెప్పాలంటే నోరు తెరవాలి, అది ఆమెకు చేతకాని పని. పదహారేళ్ళ నిత్తయా మాత్రం నిద్రలో కూడా మాట్లాడుతుంది. నువ్వు చెయ్యి, నేను చెప్తాను అని అక్కాచెల్లెళ్ళిద్దరూ అనుకున్నారు. ఖోన్‌కేన్ పోయేది ఎవరన్న సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

నిరుడు కోతలయ్యాక ఊరంతా పొలాల్లో గడ్డి తగలబెట్టారు. ఉతికి ఆరేసిన బట్టలన్నీ మసి. క్రతిన్ ఆ బట్టలు మళ్ళీ ఉతుకుతూనే ఆలోచించింది. అమ్మమ్మ పుట్టగొడుగుల మడిలో గడ్డి, పుట్టగొడుగులు కోసేసరికి మెత్తబడి వేళ్ళ మధ్య నలిగిపోతుంది. ఒకసారి ఆ కాడ నమిలి చూస్తే నాలుకకు కాస్త తీపి తగిలింది. బియ్యంలో తీపి పులిసి సారా అయినప్పుడు, గడ్డిలో తీపి ఎందుకు కాకూడదు?

అక్కడి నుంచి ఏడాది పట్టింది. గడ్డిని ముక్కలు చేసి రెండు రోజులు బూడిద నీళ్ళలో నానబెట్టింది. జిగురు పోయేదాకా కడిగింది. పుట్టగొడుగుల మడి నుంచి పాత గడ్డి తెచ్చి కలిపి, గోనె కప్పి వారం ఉంచింది. తర్వాత అమ్మమ్మ సారా కోసం చేసే పులుపు ఉండలు నాలుగు చిదిమి చల్లి, జాడీలో కూరి, మూతిని బూడిద ముద్దతో మూసింది. మూడు జాడీలు కుళ్ళిపోయాయి. నాలుగోది మంచి వాసన వేసింది.

ఆ వేళ పరీక్షకులు అరగంట ముందే వచ్చేశారు. చూపించడానికి గుప్పెడు మడిగడ్డి తెద్దామని క్రతిన్ పుట్టగొడుగుల పాక దగ్గరికి పోయింది. తిరిగొచ్చేసరికి, స్తంభాల మీద నిలబెట్టిన ఇంటి కింద నీడలో అందరూ గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో జాడీ. జాడీలో నాలుగు వెదురు గొట్టాలు.

ఫూథాయి తెగవాళ్ళ ఇంటికి అతిథి వస్తే ముందు జాడీ, తర్వాతే మాట. ఊక కలిపిన బియ్యం సారా జాడీని కూడా బూడిదతోనే మూస్తారు. మూత తీసి, నిండా నీళ్ళు పోసి, గొట్టాలు గుచ్చి అందరూ కలిసి పీలుస్తారు. పెదనాన్న ఆ మర్యాదే చేశాడు. మూలనున్న రెండు జాడీల్లో అమ్మమ్మది ఏదో ఆయన అడగలేదు. బూడిద మూతి చూశాడు, తీశాడు, రెండు బిందెల నీళ్ళు పోశాడు.

పరీక్షకుల్లో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఒక గుక్క పీల్చి, చాలాసేపు మింగకుండా కూర్చున్నాడు. ఆయన పక్కనున్న రెండో పరీక్షకురాలు మర్యాదగా గొట్టం వదిలేసింది.

"అత్తయ్యా, ఈసారి నీ చెయ్యి తప్పింది," అన్నాడు పెదనాన్న మూతి తుడుచుకుంటూ.

అమ్మమ్మ వచ్చి, తానూ ఒక గుక్క పీల్చి, పక్కకు ఉమ్మింది. "నా చెయ్యి తప్పలా, నీ కళ్ళు తప్పాయి. అది పిల్ల గడ్డి జాడీరా నాయనా."

పెద్దాయన కళ్ళజోడు తీసి నవ్వాడు. "అదా సంగతి. దూడతో కలిసి మేసినట్టుందేంటా అనుకుంటున్నా."

అందరూ నవ్వారు, క్రతిన్ తప్ప. అసలే పలచని ద్రవం, దానికి రెండు బిందెల నీళ్ళు తోడయ్యాయి. పరీక్షకులు ఒంటిగంటకల్లా ఇంకో ఊరు చేరాలట. ఆమె చేతిలోని గడ్డి కింద పడిపోయింది. పెదనాన్న ముఖం చూస్తే ఏడుపు కూడా రాలేదు, ఆయనే ఏడ్చేలా ఉన్నాడు.

అమ్మమ్మ మాత్రం అప్పటికే సారా కాచే బట్టీ కుండ దించుతోంది. నీళ్ళు కలిస్తే ఏమైంది, మళ్ళీ మళ్ళీ కాస్తే నీళ్ళే కింద మిగిలిపోతాయి, పొయ్యి వెలిగించమంది. పెదనాన్న తప్పు దిద్దుకోవడానికి కట్టెలు చీల్చాడు, నీళ్ళు మోశాడు, ఎవరూ అడక్కుండానే పొయ్యికి విసిరాడు. నిత్తయా అతిథులకు కథంతా చెప్పింది, కొంత జరిగింది, కొంత జరగనిది.

మొదటిసారి దిగిన దాంట్లో ముంచి వెలిగించిన వత్తి చుయ్యిమని ఆరిపోయింది. రెండోసారి ఒక్క క్షణం మెరిసి ఆరిపోయింది. మూడోసారి క్రతిన్ మొదట పడిన చుక్కలే, చారెడు కంటే తక్కువ, పళ్ళెంలో పట్టింది. అగ్గిపుల్ల అంటించింది.

ఏమీ కనపడలేదు. ఎండ కళ్ళలో పడుతోంది. వెలగలేదని టీచరు నిట్టూర్చింది. నిజంగా వెలగలేదా అని పెదనాన్న పళ్ళెం మీదికి వంగాడు, వెంటనే మీసం పట్టుకుని వెనక్కి గంతేశాడు. కాలిన వెంట్రుకల వాసన అందరికీ వచ్చింది. క్రతిన్ ఒక గడ్డిపరక పళ్ళెం మీద పెట్టింది. పరక భగ్గున అంటుకుంది. ఎండలో కనపడని మంట అక్కడ ఉంది, నిండుగా ఉంది.

పెద్దాయన నోటుబుక్కు తెరిచాడు. ఒక్క ప్రశ్న అన్నాడు. "ఈ పులుపు ఉండలు చక్కెరను సారా చేస్తాయి, సరే. గడ్డిని చక్కెర చేసిందెవరు? అది చెప్పగలిగిన పిల్లే ఖోన్‌కేన్ వస్తుంది."

ఎప్పుడూ తడుముకోని నిత్తయా ఈసారి కథ అల్లలేదు. నిజమే చెప్పింది. "నాకు తెలీదండీ. మా చెల్లికి తెలుసు."

చెల్లి అప్పటికే సగం మెట్లెక్కింది. కాళ్ళు వాటంతటవే పోతున్నాయి. జవాబు నాలుక చివరే ఉంది, బూడిద నీళ్ళు, మడి బూజు, వారం రోజుల వెచ్చదనం, అన్నీ వరసగా ఉన్నాయి, కానీ అంతమంది ముఖాలు కూడా ఉన్నాయి. అన్నం బుట్ట కోసం పైకెళ్ళిన అమ్మమ్మ గుమ్మంలో ఎదురైంది. లోపలికి దూరబోయిన మనవరాలిని చూసింది, కింద తలలెత్తి చూస్తున్న వాళ్ళను చూసింది.

"ఏడాదంతా నా మడిగడ్డి దొంగిలించావు కదే," అంది నెమ్మదిగా. "ఎందుకో వాళ్ళకు చెప్పు. నేనూ వింటాను."

అని, క్రతిన్ ముఖం మీదే తలుపు మూసి గడియ పెట్టుకుంది.