రంగు తేలని పిల్లలు

ఎడారి దేశంలో, మెసయీద్ లేబర్ క్యాంపులో ఆ గదికంతా చేపల తొట్టి ఒక్కటే, యజమానులు మాత్రం ఇద్దరు. నల్ల మోలీ చేప, పోతు, జలంధర్‌ది. తెల్ల మోలీ పెంటి చిరంజీవిది.

మోలీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. పెంటికి పొట్ట ఉబ్బిన రోజునే ఒప్పందం జరిగింది. జగిత్యాల వైపు వాళ్ల ఊళ్లలో ఒకరి మేకను ఇంకొకరు పాలుకు, అంటే వాటాకు, మేపితే పిల్లలను పంచుకుంటారు. ఆ పద్ధతినే చేపలకూ తెచ్చారు.

"నల్లయి పుడితె నాయి, తెల్లయి పుడితె నీయి" అన్నాడు జలంధర్. అతను ఒక రోజులో మాట్లాడే మాటలు సగం అక్కడే ఖర్చయిపోయాయి.

"మాట మీదుండాలె అన్నా. రేపు పుట్టినంక ముక్కు నా పోతు లెక్కనే ఉన్నదనొద్దు" అన్నాడు చిరంజీవి.

అప్పటికది ఆటే. అంతలో కంపెనీ చిరంజీవిని మదీనత్ అల్ షమాల్ సైటుకు మార్చింది. మెసయీద్ దేశానికి ఈ కొస, అది ఆ కొస. తెల్లది అతనితో వెళ్లిపోతే తొట్టిలో నల్లది ఒంటరి. గదిలో తానూ అంతేనని జలంధర్ పైకి అనలేదు. డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకముందే తొట్టి ముందు కూర్చోసాగాడు. నల్ల పిల్లలు నాలుగైనా పుడితే చాలు, గదిలో ఏదో ఒకటి కదులుతూ ఉంటుంది.

పిల్లలు పుట్టాయి. పెద్దవి మింగకుండా వాటిని గాజు గిన్నెలోకి తీసి, ఇద్దరూ తలలు ఆనించి చూశారు. ఒక్కటీ నల్లది కాదు, ఒక్కటీ తెల్లది కాదు. అన్నిటి మీదా మిరియాల పొడి చల్లినట్టు చుక్కలే.

"మేకలు కాసినోనివి, మచ్చల పిల్లలను చూడలేదానే?" అన్నాడు చిరంజీవి.

"చూసిన. ఇవి నీళ్లల్ల ఉంటయి గద, సాఫుగ పుడతయనుకున్న."

పక్క మంచం ఇక్రాముద్దీన్‌ను తీర్పు చెప్పమన్నారు. బీహారీ వెల్డర్, వీళ్లతో ఉండి ఉండి తెలుగు పట్టుకున్నాడు. గిన్నెను దీపానికెత్తి చూశాడు.

"ఇది పక్కా వెల్డింగ్ భాయ్. ఇప్పుడు కోస్తే ఇద్దరి మాలూ ఖరాబ్."

బస్సు వచ్చే రోజు చిరంజీవి ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పట్టుకున్నాడు. తెల్లదాన్ని పట్టే వల కనిపించలేదు. జలంధర్ దాని మీదే కూర్చుని ఉన్నాడు.

"నిన్న ఆ చిన్నదానికి తోక కాడ చుక్క లేకుండె. ఇయ్యాల ఉన్నది" అన్నాడు, గిన్నె మీద నుంచి చూపు తిప్పకుండా. "రంగింక తేలలె. తేలేదాంక పంపకం లేదు."

"సరే, పిల్లలు ఉండనీ. తల్లిని తీస్కపోత."

"తల్లి లేకుంటె రంగు తేలదు."

"పాలిస్తదానే అది?"

జలంధర్ గిన్నెను తొట్టి పక్కకు జరిపాడు. "చూస్తది."

చిరంజీవి అతని ముఖంలోకి చూశాడు. నవ్వు ఆపుకుని, సంచిలోని నీళ్లు తొట్టిలో ఒంపేశాడు.

"శుక్రారం వచ్చి చూస్త. ఒక్క చుక్క నువ్వు పెన్నుతోని పెట్టినా గుర్తుపడత."

శుక్రవారం వచ్చాడు. అప్పటికే జలంధర్ కోడికూర వండి, తొట్టి ముందు రెండో కుర్చీ వేసి ఉంచాడు. చిరంజీవి వంగి చూస్తే చుక్కలు పెరిగిన మాట నిజమే.

"తేలిందానే రంగు?"

"యాడ" అన్నాడు జలంధర్, కంచం అతని చేతికిస్తూ. "ఇంకో శుక్రారం చూడాలె."