ఇరవై ఒకటికి కొట్టిన అట్ట

నేను ఒక అట్టను. చీర అంచులో నెమలి ఎక్కడ తిరగాలో జకార్డు మగ్గానికి చెప్పే చిల్లుల అట్టల జాతి నాది. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట కదలదు. అంతకు మించి మాకు మాటలు రావు.

నా తోటివాళ్ళు చీరలకు పోయారు. నాకు చిల్లు పడకముందే, చీరాల పక్క పేటలో మా యజమాని భావనారాయణకు పక్షవాతం వచ్చింది. నాలుగు నెలలకు చెయ్యి స్వాధీనంలోకొచ్చింది. లెక్క తిరిగి రాలేదు. పదకొండు తర్వాత పద్నాలుగు అనేవాడు. పోగుల లెక్క తప్పితే చీర చెడుతుంది. అందుకని అతని భార్య సీతారావమ్మ, నేతగాడు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంటలోకి దిగనివ్వలేదు.

లెక్క మళ్ళీ అలవాటు కావాలని కూతురు హేమసుధ ఫోనులో బ్లాక్‌జాక్ అనే పేకాట పెట్టింది. డబ్బు లేదు, ఉత్తుత్తి బిళ్ళలే. ముక్కల విలువ కూడుకుంటూ ఇరవై ఒకటి దాటకుండా పంచేవాడిని మించాలి. ఎప్పుడు ఇంకో ముక్క అడగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే గళ్ళ పట్టిక కూడా అచ్చు తీయించి తెచ్చింది. పక్కన మన లెక్క, పైన పంచేవాడు చూపించిన ముక్క.

"ఇది చీర డిజైను గ్రాఫే గదమ్మా!" అన్నాడు భావనారాయణ. చాలా రోజులకు నవ్వాడు. నన్ను తీసి, అడగాల్సిన గడికల్లా చిల్లు కొట్టాడు. ఆగాల్సిన గడి వదిలేశాడు.

"అట్ట మాట తప్పకుండా వరసగా నూరాటలు ఆడు. గెలువు, ఓడు, నాకనవసరం. అప్పుడు దిగుదువుగాని గుంటలోకి," అంది సీతారావమ్మ.

మొదటిరోజే నా పరువు పోయింది. ఏ ముక్క పడినా దాటని ఎనిమిదికి ఆగమన్నాను. సులువుగా దాటిపోయే పదిహేడుకు అడగమన్నాను.

"ఇదేం అట్ట బావా! మనసు చెప్పినట్టు ఆడినా ఇంతకంటే నయం," అని బామ్మర్ది ఏడుకొండలు పొట్ట పట్టుకుని నవ్వాడు. మనుషుల మనసుకు చిల్లులు ఎవరు కొడతారో గానీ, రోజుకో చోట ఉంటాయి.

సీతారావమ్మకు పేక తెలియదు, నేత తెలుసు. పట్టికను, నన్ను పక్కపక్కన పెట్టి చూసింది. "అంకెలు చూడలా నువ్వు. చీర గ్రాఫనుకుని కింది వరస నించి ఎక్కావు. గుడ్డ కింద నించి పెరుగుద్దయ్యా, ఈ ఆట పై నించి దిగుద్ది."

పదిహేడు వరస ఎనిమిది చోట కూర్చుంది. అతను నన్ను కింది అంచు పైకొచ్చేలా బోర్లా తిప్పాడు. చిల్లు ఎటు చూసినా చిల్లే. వరసలు వాటి చోటికి వచ్చాయి. ఆ వైపు అంకెలు కొత్తగా రాశాడు.

ఇక మొదలుపెట్టాడు. ముప్పై ఆటలకు ఒక తప్పు. మళ్ళీ ఒకటి నుంచి. అరవై రెండో ఆటలో కూడిక తడబడింది. ఎవరూ చూడలేదు. అయినా మళ్ళీ ఒకటి నుంచే. వానాకాలం సగం అలాగే గడిచింది.

ఒక ఆదివారం తొంభై తొమ్మిది నిండాయి. నూరో ఆటకు పదీ ఆరూ వచ్చాయి. పంచేవాడి దగ్గర పది కనబడుతోంది.

"ఆగు బావా! పదహారు! ఇంకోటి అడిగావా, పేలిపోతావు!" ఏడుకొండలు లేచి నిలబడ్డాడు.

ఆ గడిలో నాకు చిల్లు ఉంది. అడిగితే చాలాసార్లు పోతుంది. ఆగితే అంతకంటే ఎక్కువసార్లు పోతుంది. నేను గెలుపు మాటివ్వలేదు, ఎప్పుడూ. భావనారాయణ నావైపు చూడకుండానే, ముక్క అడిగే గుర్తు మీద వేలితో నొక్కాడు.

తొమ్మిది పడింది.

"పోయావుగా!" అన్నాడు ఏడుకొండలు.

"పదహారూ తొమ్మిదీ ఇరవై అయిదు," అన్నాడు, ఎక్కడా ఆగకుండా. "ఆట పోయింది. లెక్క పోలా."

సీతారావమ్మ వాకిట్లోంచి లోపలికి వచ్చింది. బామ్మర్దిని కాదు, కూతురిని అడిగింది: "అట్ట మాట తప్పాడా?"

"లేదమ్మా."

"అయితే మీ నాన్న నేతకు కండెల్లో దారం చుట్టు, పో," అంది. భర్త చెయ్యి పట్టుకుని గుంట దాకా తీసుకెళ్ళి, అక్కడ వదిలేసింది. అతనే దిగాడు.

నేను ఫోను పక్కన మిగిలాను. ఓడిన ఆట తెరమీద అలాగే ఉంది, ఎవరూ మూయలేదు. లోపల మగ్గం చప్పుడు మొదలైంది. మొదట తడుముకుంటూ, తర్వాత సమంగా.