నల్ల ప్యాంటు

కుట్టుమిషను ముందు నుంచి లేవబోయే ముందు అప్పయ్య ఒకసారి బజారు వైపు చూస్తాడు. ఇటు ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకున్నాక, చేతిలో ఏదో ఒక గుడ్డ పట్టుకుని లేస్తాడు. లేచి, వెనక్కి తిరిగి, స్టూలు మీద అరచేయి ఆనిస్తాడు. పొడిగా ఉంటే ఆ చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుంటాడు. ముక్కు కూడా సరేనంటే అప్పుడు అడుగు తీసి అడుగు వేస్తాడు. ఆ రోజు పొద్దున కూడా అంత తతంగమూ ముగించి, బడిపిల్లల చొక్కాలకు గుండీలు తీసుకోవడానికి అలమర దగ్గరికి వెళ్ళాడు.

భోపాలపట్నం బస్టాండు పక్క సందులో అతని కొట్టు. కొట్టు వెనక భాగమే ఇల్లు. అరవై దాటిన మనిషి; సన్నగా, మెడలో టేపుతో, ఎప్పుడూ కాస్త ముందుకు వంగి ఉంటాడు. బడిపిల్లల నీలం నిక్కర్లు, పోలీసు క్యాంపు జవాన్ల యూనిఫారాలకు బిగింపులు, సంతకొచ్చే దోర్ల తెగ ఆడవాళ్ళ జాకెట్లు... ఊరి ఒంటి మీద ఉన్నదాంట్లో సగం అతని చేతి మీదుగా పోయిందే. అయినా ఇన్నేళ్ళలో అప్పయ్యను ఎవరూ ప్రత్యేకంగా తలెత్తి చూసింది లేదు. ఈ రెండేళ్ళుగా మాత్రం ఊరు ఊరంతా తననే చూస్తోందని అతని అనుమానం.

రెండేళ్ళ కింద హైదరాబాదులో అతనికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. రోబోతో చేశారని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నారు. మిషను తొక్కేవాణ్ణి మిషనే కోసిందని బజారు నవ్వింది. అప్పయ్యా నవ్వాడు. ఏ ఇబ్బందీ లేదు, ఫస్ట్ క్లాస్ అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు. అసలు సంగతి వేరు. దగ్గితే మూత్రం చుక్కలు చుక్కలుగా జారుతుంది. వంగినా, ఇస్త్రీపెట్టె ఎత్తినా, గట్టిగా నవ్వినా అంతే. చాలామందికి ఏడాది తిరిగేసరికి సర్దుకుంటుందన్నారు. అతనికి సర్దుకోలేదు.

అప్పటి నుంచి నల్ల ప్యాంటు తప్ప ఇంకోటి తొడగలేదు. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. ఒకరి మంచం మీద కూర్చోడు. ముక్కల బుట్టలో దొరికిన మెత్తటి గుడ్డలు నాలుగు మడతలు వేసి, తనకు కావలసినవి తనే కుట్టుకున్నాడు. తనే ఉతికి, ఎవరివో జేబుగుడ్డలన్నట్టు మిషను వెనక తాడు మీద ఆరేసుకున్నాడు. కొట్టులో ఊదుబత్తి ఆరనివ్వడు. అప్పయ్యకు ఈ మధ్య భక్తి ముదిరిందని గుడి పూజారి నలుగురిలో మెచ్చుకున్నాడు కూడా.

భార్య సారలమ్మకు ఇదంతా తెలియకూడదు. తెలిసిపోయిందేమోనన్నదే అతన్ని తినేస్తున్న బెంగ. ఆపరేషన్ అయ్యాక ఆమె తన మంచం వసారాలోకి మార్చుకుంది. లోపల ఉక్కగా ఉందంది. చలికాలంలోనూ ఉక్కేనా? వాసనకే అయి ఉంటుంది. కాకపోతే మొగుడిగా ఇతనితో ఇంక పనేముందని అయి ఉంటుంది. అడిగితే జవాబు వస్తుందని భయపడి అడగలేదు.

నిజానికి అనుమానం అతనికి పుట్టుకతో వచ్చిన గుణం. కొత్త గుడ్డ తాను తెస్తే రెండుసార్లు కొలిచిగాని లోపల పెట్టడు. అలాంటివాడు ఆపరేషన్‌ను ఊరికే నమ్ముతాడా? పొట్ట మీద కాజాలంతేసి మచ్చలు, అంతే. ఆ కాజాల్లోంచి లోపలిది ఎలా లాగారు? తీసినదాన్ని డబ్బాలో పెట్టి సారలమ్మకు చూపించారట. "సరిగ్గ చూసినవా?" అని అడిగితే, "చూసిన, కండ్లు తిరిగినయ్" అంది. కళ్ళు తిరిగిన మనిషి ఎవరిది చూసిందో ఏం నమ్మకం? ఆ తర్వాత రక్తపరీక్షల్లో ప్రతిసారీ బాగుందనే వస్తోంది. అందరికీ అదే కాగితం అచ్చేసి ఇస్తారేమోనని అదొక గుబులు.

మత్తు ఎక్కకముందు చూసిన దృశ్యం ఒకటి ఇప్పటికీ కళ్ళ ముందు ఆడుతుంది. బల్ల పక్కన ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న నాలుగు చేతుల యంత్రం. డాక్టరేమో గది మూలన, ఒక పెట్టెలాంటి దానిలో తల దూర్చబోతూ చెప్పులు విడిచాడు. ఆయన కాళ్ళ దగ్గర పెడళ్ళు. అవి చూడగానే అప్పయ్యకు ప్రాణం లేచివచ్చింది, ఇదీ కాలితో తొక్కే పనేనని. ఆ వెంటనే ధైర్యం కాస్తా నీరుగారింది. ఎంత చేయి తిరిగినవాడికైనా ఎప్పుడో ఒకసారి కుట్టు జారుతుంది. ఆ ఒకసారి తనదేనని ఇప్పుడు అతని గట్టి నమ్మకం.

గుండీలు తీసుకుని మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడో లేదో ఫోను మోగింది.

"అంకుల్, ఆస్పత్రి నుంచి. రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నారు?"

అప్పుడప్పుడూ ఫోను చేసి ఇదే మాట అడిగే పిల్ల. సరిగ్గా అప్పుడే సారలమ్మ అంబలి గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏం లేవమ్మా."

"అసలే లేవా?"

"సున్న."

"వెరీ గుడ్ అంకుల్!"

"ఎవరు?" అంది సారలమ్మ.

"దారం కంపెనీవోళ్ళు."

ఆమె ఏమీ అనకుండా గ్లాసు పెట్టి వెళ్ళింది. ఏమీ అనకపోవడమేమిటని అప్పయ్య మధ్యాహ్నం దాకా నలిగాడు.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ రాంచందర్ గురూజీ వచ్చాడు. బడిలో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి. తెల్ల లాల్చీ, తెల్ల పైజామా తప్ప ఇంకో రంగు ఆయన ఒంటి మీద ఎవరూ ఎరగరు. సంచిలోంచి తెల్లగుడ్డ తీసి మిషను మీద పెట్టాడు.

"పైజామాకు కొలతలు తీస్కో అప్పయ్యా. నడుము తగ్గింది."

అప్పయ్య టేపు చుట్టాడు. గురూజీ బజారు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నాకు గూడ అదే అన్నరు. నీకైన రోగమే. రోబోతోనే చేస్తరట. సాయంత్రం బస్సుకు పోతున్న."

అప్పయ్య టేపు తీసి మెడలో వేసుకున్నాడు.

"ఎవ్వరికీ చెప్పలే. నువ్వు నిజం జెప్పు. తర్వాత ఎట్లుంటది?"

నిజం చెప్పమంటున్నాడేమిటి? తాడు మీది గుడ్డలు కంట పడ్డాయా? వాసన తగిలిందా? చాయ్ హోటలు దగ్గర పందెం కట్టి పంపించారా? అప్పయ్య ఆయన మొహం వెతికాడు. పాలిపోయినట్టున్న ఆ మొహంలో భయం తప్ప ఏమీ దొరకలేదు.

"ఫస్ట్ క్లాస్ గురూజీ. ఏ తక్లీఫ్ లేదు."

గురూజీ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "ఆస్పత్రి పిల్ల గూడ గిదే చెప్పింది. అయినోళ్ళందరికి ఫోన్లు చేసి అడుగుతరట. నూటికి తొంభైమంది సున్న అన్నరట. గా మాట పట్టుకునే పోతున్న. కుట్టి పెట్టు, వచ్చినంక తీస్కుంట."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ తొంభైమందిలో తనూ ఒకడు. డాక్టరును అనుమానించాడు, యంత్రాన్ని అనుమానించాడు, కట్టుకున్నదాన్ని అనుమానించాడు. తన నోటిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. మిగతావాళ్ళు ఫోను ఎత్తినప్పుడు ఎంతమంది గుమ్మాల్లో పెళ్ళాలు నిలబడి ఉన్నారో!

తెల్లగుడ్డ పరిచి నడుము దగ్గర నీలం సుద్దతో గీత గీశాడు. చేయి అక్కడే ఆగింది. చెబితే గురూజీ ప్రయాణం మానుకోవచ్చు, మానుకుంటే ప్రాణానికే మోసం. పైగా రేపటికి ఊరంతా పాకుతుంది. చెప్పకపోతే ఆ మనిషి తెల్ల పైజామాతో నడిబజారులో నిలబడి మొదటిసారి దగ్గుతాడు. కత్తెర తీశాడు, మళ్ళీ పెట్టేశాడు.

తర్లగూడ మీదుగా పోయే బస్సు హారన్ వినబడగానే దిగ్గున లేచాడు. తను కొత్తగా కుట్టి డబ్బాలో దాచుకున్న గుడ్డలన్నీ మూటగట్టి బస్టాండుకు పరుగులాంటి నడక నడిచాడు. పరిగెడితే ఏమవుతుందో అదీ అయింది. స్టూలు తడిమి చూసుకోవడం మాత్రం ఈసారి మరిచిపోయాడు.

గురూజీ బస్సు మెట్టు దగ్గరే దొరికాడు. మూట ఆయన చేతిలో పెట్టాడు.

"ఏందియి?"

"ఆడ కొనేటియి ఒరుసుకుంటయ్. ఇవి మెత్తగుంటయ్."

గురూజీ మూట అంచు ఎత్తి చూశాడు. తర్వాత అప్పయ్య నల్ల ప్యాంటు వైపు చూశాడు. "నీయా?"

"ఆ."

"రెండేండ్లాయె గద!"

"నేను చెప్పింది అబద్ధం గురూజీ. అందరికి ఇట్ల కాదంటరు. నాకైతే ఇట్లనే ఉంది."

"మరి పోవద్దంటవా?"

"పోండ్రి. నేను బతికే ఉన్న గద. తెలిసి పోండ్రి."

బస్సు కదిలింది. కిటికీలోంచి గురూజీ తల బయటపెట్టాడు. "అప్పయ్యా, పైజామా..."

"నల్లగుడ్డ తెచ్చి కుడత."

"వద్దు. తెల్లదే కుట్టు." ఆ మాటతో బస్సు మలుపు తిరిగింది.

అప్పయ్య కొట్టుకు తిరిగొచ్చేసరికి సారలమ్మ గడప మీద కూర్చుని తన పాత నూలుచీర చింపుతోంది.

"గురూజీ మాటలు లోపలికి ఇనబడ్డయ్. కొత్తయన్ని ఆయనకే ఇచ్చినవా?" అంది తల ఎత్తకుండా.

"నీకెట్ల ఎరుక?"

"బుట్టల మెత్తటి గుడ్డ ఏడికెళ్ళి వస్తున్నదనుకున్నవ్? యూనిఫారం ముక్కలు ఒరుసుకుంటయని నేనే ఏస్తున్న."

"మరి మంచం బయట ఎందుకేసుకున్నవ్?"

"రాత్రిల లేచి మార్చుకుంటవు గద. నేనుంటే నామోషీ పడ్తవని."

అప్పయ్య ఎన్నాళ్ళ ఏడుపో ఒక్కసారే ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకుని, ఫోను తీసి, ఆమె వింటుండగానే పొద్దుటి నంబరు నొక్కాడు.

"పొద్దున తప్పు చెప్పినమ్మా. రోజుకు మూడు."

అవతల పిల్ల నొచ్చుకుంది. "ముందే చెప్పి ఉంటే డాక్టరుగారు చూసేవారు కదా అంకుల్. దీనికీ చేసేవి ఉన్నాయి. ఒకసారి రండి."

నిజంగా ఉన్నాయా, లేక మళ్ళీ రప్పించడానికి అంటోందా అన్న అనుమానం అప్పుడూ తలెత్తింది. అయినా వస్తానన్నాడు. సారలమ్మ చింపిన చీరముక్క ఒళ్ళో వేసుకుని మిషను వైపు చూశాడు. గురూజీ తెల్లగుడ్డ, నడుము దగ్గర ఒక్క నీలం సుద్దగీతతో, మధ్యాహ్నం పరిచినచోటే ఉంది.